ఊడిన పన్ను – రెండున్నర గడియల కర్తవ్యము

(తడలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నిన్నటినుండి ఈ వేదికపై పెద్దలు విద్యనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు, మన విద్యార్థి వసతిగృహమునుగూర్చియు సవిస్తరముగ ప్రసంగించియున్నారు. కార్యదర్శిగారు నన్ను సంస్కృతవిద్యనుగూర్చి నాలుగుమాటలు చెప్పవలసినదని కోరిరి. నేనో, పంటినిగూర్చి చెప్పెదనంటిని. వారు నవ్విరి. మీరును నవ్వుచున్నారు. నవ్వవచ్చును, నవ్వినపుడు కనబడునది పన్నేగదా! ఆ నవ్వు మన బిడ్డలకు జీవితాంతము నిలుచు ఉపాయమొకటి కలదు. దానిని మీకు విన్నవించుటకే నేడు నిలిచితిని.

సంస్కృతమున దంతమునకు ద్విజమని యొక పేరు. రెండుమారులు పుట్టునది గనుక ఆ పేరు వచ్చినది. మొదటి పుట్టుక పాలపన్ను; రెండవది శాశ్వతదంతము. మూడవ పుట్టుక లేదు. ఆరేడేండ్లు మొదలుకొని పండ్రెండు పదుమూడేండ్లవరకు పిల్లల నోట పాలపండ్లు రాలి శాశ్వతదంతములు వచ్చుచుండును. సరిగా ఆ వయస్సుననే బాలురు పరుగిడుదురు, చెట్లెక్కుదురు, సైకిళ్లపైనుండి పడుదురు, కబడ్డీ ఆడుదురు, బోరింగుకడ నీటికై త్రోసికొందురు. ఈ సందడిలో పై దౌడ ముందరిపన్ను సమూలముగ ఊడిపడుట కలదు. అది ఎక్కువగా ఏడు మొదలు పండ్రెండేండ్లలోపువారికి, అందునను బాలురకు, అందునను ముందరిపండ్లు ఎత్తుగా నున్నవారికి సంభవించును.

దక్షయజ్ఞకథ మీరందరు వినినదే. సభలో పండ్లు బయటపెట్టి నవ్వినందులకు పూషుడను దేవుని పండ్లను వీరభద్రుడు రాలగొట్టెను. పిమ్మట శివుడు ప్రసన్నుడై దక్షునకు మేకతలనైన అతికించెనుగాని, పూషునకు పండ్లు తిరిగి రాలేదు. యజమానుని పండ్లతో నమలుకొనవలసినదనియు, లేనిచో పిండి తినవలసినదనియు ఏర్పాటయ్యెనని భాగవత చతుర్థస్కంధమున నున్నది. తల నతికించిన సభలో పంటినెత్తి స్వస్థానమున నుంచుమని చెప్పినవాడు ఒక్కడును లేకపోయెను! నేటి మన పాఠశాలలలోను, ఇండ్లలోను స్థితి ఇంతకంటె మేలుగా లేదు. ఇది పరనింద కాదు. నా తప్పునే ముందు చెప్పుకొనెదను.

1998వ సంవత్సరమున నేను ఒక ఉన్నతపాఠశాలలో పండితుడనై యుంటిని. ఒకనాటి సాయంకాలము కబడ్డీ ఆటలో పండ్రెండేండ్ల బాలుడు మరొకని మోకాలు తగిలి పడెను. పై దౌడ ముందరిపన్ను వేరుతోకూడ ఊడి ఇసుకలో పడెను. నేనే పరుగెత్తి దానిని తీసితిని. శుభ్రముగా నుండవలెనను తలంపుతో వేరు పట్టుకొని, సబ్బుతో తోమి, తుండుగుడ్డతో గట్టిగ తుడిచి, కాగితమున చుట్టి చొక్కాజేబులో వేసికొంటిని. బాలుని నోటిలో ప్రత్తి కుక్కి, బస్సునకై కనిపెట్టుకొనియుండి, రెండుగంటలు గడచిన పిమ్మట వైద్యునియొద్దకు చేర్చితిని. ఆయన పొట్లము విప్పి చూచి, “పంతులుగారూ! మీరు పంటిని భద్రపరచలేదు, చంపి తెచ్చితిరి” అనిరి. ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

తరువాతి యేడు ఆ బాలుడు నా తరగతికి వచ్చెను. తవర్గము, లకార సకారములు దంత్యములని నేను నల్లబల్లపై వ్రాసి చదివించుచుంటిని. సకారము వచ్చినపుడెల్ల వాని నోట గాలి వెడలెను. తక్కిన పిల్లలు నవ్విరి. వాడు నాటినుండి తరగతిలో నోరు విప్పలేదు. నవ్వవలసి వచ్చినపుడు చేతిని నోటి కడ్డము పెట్టుకొనెడివాడు. దంత్యములు బోధించువాడనై, నా యజ్ఞానముచేత ఒక శిష్యుని దంత్యములను హరించితినిగదా యని నేను పడిన బాధ చెప్పనలవికాదు. అటుపిమ్మటనే ఈ విషయమును వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొంటిని. తెలిసికొన్నదానిలో ముఖ్యమైనది ఇది: ఊడిన శాశ్వతదంతము చచ్చినది కాదు, మనము చంపినగాని చావదు.

దీనికి కారణము వినుడు. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడి యుండదు. మంచపుకోళ్ల నడుమ నులక బిగించినట్లు, వేరునకును ఎముకకును నడుమ సన్నని తంతువుల పొర యొకటి కలదు. పన్ను ఊడినపుడు ఆ పొర చినిగి, అందు కొంత భాగము వేరునే అంటిపెట్టుకొని వచ్చును. దానిలోని జీవకణములు ఇంకను బ్రదికియుండును. పన్నును వెంటనే గుంటలో నుంచినచో ఈ సగమును ఆ సగమును తిరిగి కలిసికొని, పన్ను మునుపటివలె నిలుచును. గాలికి ఆరినచో ఆ కణములు నిమిష నిమిషమునకు చచ్చుచుండును. పదునైదు నిమిషములలోపల స్వస్థానము చేరినది ఉత్తమము. ఒక గంటసేపు పొడిగా నున్నచో వేరుపైని కణములన్నియు చచ్చినట్లే యెంచవలెను. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు గనుక, ఆ గంట మన లెక్కలో రెండున్నర గడియలు.

ఈ విషయమున మన ప్రాచీనులు చెప్పినమాట యొకటి స్మరింపదగియున్నది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున మూడవ యధ్యాయము భగ్నచికిత్స. అందు, తరుణవయస్కునకు దంతములు విరుగక కదలి నెత్తురు కారుచున్నచో వానిని లోనికి నొక్కి నిలుపవలెననియు, వెలుపల చల్లని లేపములు వేయవలెననియు, కలువకాడతో పాలు త్రావింపవలెననియు చెప్పి, వృద్ధుని విషయమున అట్టి దంతములను విడిచిపెట్టవలసినదని యాచార్యుడు విధించెను. ఇది కదలిన పంటినిగూర్చిన మాటయేగాని పూర్తిగా ఊడిపడినదానినిగూర్చి కాదు. లేనిదానిని శాస్త్రమున కంటగట్టుట పండితధర్మము కాదు. అయినను, పడుచువాని పంటిని పారవేయక స్వస్థానమున నొక్కి నిలుపుమనుటయు, కొఱుకక త్రావు మెత్తని యాహారమును విధించుటయు నేటి విధానమునకు దగ్గరగా నున్నవి.

పాశ్చాత్యులలో 16వ శతాబ్దమునాటి ఫ్రాన్సుదేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే ఊడిన పంటిని తిరిగి పెట్టి ప్రక్కపంటికి కట్టుటను వర్ణించెను. కాలమే ప్రాణమను సంగతిని లెక్కతో చూపినవారు డెన్మార్కు వైద్యులు. 1966వ సంవత్సరమున ఆండ్రియాసెనును, ఆయన సహచరుడును, ప్రమాదమున ఊడి తిరిగి పెట్టబడిన 110 పండ్లను పరీక్షించి ప్రకటించిరి. అర్ధగంటలోపల పెట్టినవానిలో నూటికి 90 పండ్లకు వేరు కరుగుట కనబడలేదు. రెండుగంటలు దాటిన పిమ్మట పెట్టినవానిలో నూటికి 95 పండ్లకు వేరు కరుగుట కనబడెను. నా శిష్యుని పన్ను ఈ రెండవ కోవలోనిది. 1980 ప్రాంతమున స్వీడనుదేశమున బ్లోమ్‌లోఫ్ అనువారు, వేరుపైని కణములను పాలు కొన్నిగంటలు బ్రదికించునని కనుగొనిరి. దంతాఘాత వైద్యుల అంతర్జాతీయసంఘము 2020లో ప్రకటించిన మార్గదర్శకములయందును పాలకే అగ్రస్థానము.

ఇక మన యూరి సంగతి. ఈ తడ 2022 ఏప్రిలు 4వ తేదీవరకు నెల్లూరు జిల్లాలో నుండి, నాటినుండి తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా మారినను దూరము మారలేదు. ఇచ్చటినుండి చెన్నపట్టణమునకుగాని, తిరుపతికిగాని, నెల్లూరికిగాని పోయి పెద్ద దంతవైద్యశాల చేరుటకు గంటకు మించి పట్టును. సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో వైద్యుడున్నను, ఆదివారపు సాయంకాలము ఆయన తలుపు తెరచియుండునా? పెద్దరహదారి మన ముంగిట నున్నది. మోటారుసైకిళ్ల రాకపోకలకు అంతులేదు. ఉబ్బలమడుగు జలపాతపు పాచిరాళ్లపై జారిపడు పడుచువారు ఎందరో! పన్ను ఊడినచోటు ఒకటి, వైద్యుడున్నచోటు మరియొకటి. రెండున్నర గడియలు దారిలోనే గడచిపోవును. కావున మొదటి వైద్యుడు పట్టణమున లేడు. ప్రక్కనున్న తల్లియే, ఉపాధ్యాయుడే, తోడి బాలుడే మొదటి వైద్యుడు. నేను చెప్పవచ్చిన దంతయు ఈ యొక్క మాటయే.

ఆ మొదటి వైద్యుడు చేయవలసినది క్రమముగా చెప్పెదను; దయచేసి మనసున నుంచుకొనుడు.

ముందుగా బిడ్డను చూడవలెను, పిదప పంటిని. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినను, వాంతులైనను, ఊపిరి కష్టమైనను పంటిమాట మరచి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. బిడ్డ తెలివిగా నున్నచో కూర్చుండబెట్టి ధైర్యము చెప్పి, పంటిని వెదుకవలెను. ఎంత వెదకినను దొరకకున్నచో ఆ మాట వైద్యునకు చెప్పవలెను. ఊపిరితిత్తులలోనికి పోయియుండవచ్చును గనుక ఎక్స్‌రే తీయించుదురు.

దొరికిన పంటిని తెల్లని తలభాగముననే పట్టుకొనవలెను. పసుపువన్నెగల వేరును తాకరాదు. మట్టి అంటియున్నచో పాలలోగాని, బిడ్డ ఉమ్మిలోగాని, వైద్యులు వాడు ఉప్పుద్రావకముతోగాని తేలికగా కడుగవలెను. తోమరాదు, గీకరాదు, గుడ్డతో తుడువరాదు. సబ్బు, పసుపు, కాఫీపొడి, పండ్లపొడి మున్నగునవి పంటికిగాని గుంటకుగాని తగిలింపరాదు. పిదప ప్రక్కపంటిని చూచి ముందువెనుకలు సరిచూచుకొని, వ్రేలితో మెల్లగా గుంటలోనికి నొక్కి పెట్టవలెను. మడచిన శుభ్రమైన చేతిరుమాలును బిడ్డచేత కఱపించి, పన్ను కదలకుండ వైద్యునికడకు కొనిపోవలెను. ఈ పని తొలిచూపునకు భయంకరముగా తోచును. కాని ఆ క్షణమున అంతకంటె గొప్ప వైద్యము పెద్దపట్టణమునగూడ లేదు.

చేతులాడనివారు పంటిని పాలలో వేయవలెను. పాకెట్టు పాలైనను, కాచి చల్లార్చిన పాలైనను సరియే. వేడిపాలు, మజ్జిగ, చక్కెరపాలు కూడదు. పాలు లేనిచో బిడ్డ ఉమ్మిని చిన్నగిన్నెలో పట్టి అందుంచవచ్చును. తెలివిగల పెద్దపిల్లలు దవడలోపల పెట్టుకొనవచ్చునుగాని చిన్నపిల్లలు మ్రింగివేయుదురు. బావినీటిలో ఏల వేయరాదని కొందరడుగుదురు. ప్రళయకావేరి యొడ్డున నున్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఉప్పునీటి చేపను మంచినీటిలో విడిచినచో ఏమగునో, మన శరీరకణములును ఉత్తనీటిలో అట్లే ఉబ్బి పగులును. పాల సాంద్రత కణములకు సరిపడునది. ఏదియు దొరకనిచోటమాత్రము, ఆరనిచ్చుటకంటె నీరే మేలు. కొబ్బరినీటిపైగూడ పరిశోధనలు జరిగినవి. కాని దానికి కొంత ఆమ్లగుణము కలదు. పాలు ప్రతియింట నుండగా వేరొకదానికి పోనేల?

ఈ విధి శాశ్వతదంతమునకే. పాలపంటిని ఎన్నడును తిరిగి పెట్టరాదు. పెట్టినచో దానిక్రింద పెరుగుచున్న శాశ్వతదంతమునకు హాని కలుగవచ్చును. మన పెద్దలు ఊడిన పాలపంటిని ఇంటికప్పుపై వేయించెడివారు. ఆ వేడుక దానికే తగును. ఏడెనిమిదేండ్లు దాటిన బిడ్డకు పై నడిమిపండ్లు రెండును సాధారణముగా శాశ్వతములే. సందేహము కలిగినచో పాలలో వేసికొనిపోయి వైద్యునకు చూపుట క్షేమము. గుండెజబ్బు మున్నగు పెద్దరోగములు గలవారి విషయమునగూడ అట్లే చేయవలెను.

పిమ్మటి పని వైద్యునిది. ఆయన పంటిని సరిచూచి, సన్నని మెత్తనితీగతో ప్రక్కపండ్లకు రెండువారములు కట్టియుంచును. ధనుర్వాతపు సూదిమందు అవసరమా యని చూచును; చీము పట్టకుండ మందులిచ్చును. వేరుకొన మూసికొనియున్న పంటికి రెండువారములలోపల వేరుచికిత్స ఆరంభించును. చిన్నపిల్లలకు వేరుకొన ఇంకను తెరచియున్నచో లోపల నెత్తురునాళములు తిరిగి పుట్టవచ్చునను ఆశతో కనిపెట్టియుండును. ఆ రెండువారములు మెత్తని యన్నము, మెత్తని కుంచె, మందునీటితో పుక్కిలింత, ఆటలకు సెలవు. పన్ను నిలిచినదిగదా యని మానక, మొదటియేట పలుమారులును, పిదప ఏటేటను, ఐదేండ్లకు తక్కువగాకుండ చూపించుచుండవలెను. మనవారు నొప్పి తగ్గినతోడనే వైద్యుని మరచుటలో బహునేర్పరులు. ఈ విషయమున ఆ నేర్పు పనికిరాదు.

గంట దాటినచో పంటిని పారవేయవలెనా? వలదు. అపుడు తంతువుల పొర చచ్చియుండుటచేత ఎముకయే వేరు నంటుకొని, ఏండ్లు గడచుకొలది దానిని తినివేయును. ఎదుగు బిడ్డకు ఆ పన్ను ప్రక్కవానికంటె పొట్టిగా నిలిచిపోవుటయు కలదు. అయినను, ఎదుగుదల ముగియువరకు కృత్రిమదంతమును ఎముకలో నాటుట తగదు. అంతవరకు సొంతపన్ను నిలిచినన్నినాళ్లు దౌడయెముక అరగక, ముఖము చెడక యుండును. ఐదేండ్లు నిలిచినను అవి బాల్యపు ఐదేండ్లు. అవి పాఠము చదువవలసినవి, పాట పాడవలసినవి, నలుగురిలో నవ్వవలసినవి. నా శిష్యుని విషయమున ఆ వైద్యుడు పెట్టిచూచెదననిరి. నేనే, చచ్చినదానిని పెట్టనేలయని వారించితిని. అది నా రెండవ తప్పు.

ఇక రెండవ కథ. 2021 సంక్రాంతినాడు నా దౌహిత్రి, తొమ్మిదేండ్లది, ఉయ్యాలనుండి బోర్లపడెను. పన్ను గడ్డిలో దొరికెను. ఇంట అందరును ఏడ్చుచుండిరి. తల్లి పాలగిన్నె తెచ్చెను. నేను తలభాగమున పట్టి, పాలలో ముంచి కడిగి, “అమ్మా, నోరు తెరువుము” అంటిని. నా చేతులు వణకినవి. ఇరువదిమూడేండ్ల క్రిందటి కాగితపుపొట్లము కన్నులకు కట్టినది. నొక్కితిని, పన్ను తన గుంటను తానే వెదకికొన్నట్లు జారి కూర్చున్నది. పడుటకును పెట్టుటకును నడుమ పది నిమిషములు దాటలేదు. నాటి సాయంకాలమే వైద్యుడు కట్టు కట్టెను. లోని నాళములు బ్రదుకకపోవుటచేత కొన్నిమాసములకు వేరుచికిత్స చేయవలసి వచ్చినదిగాని, పన్ను నిలిచినది. ఆ బాలిక నేడు ప్రార్థనాశ్లోకము చదువునపుడు నేను తక్కినవేవియు వినను. సకారములను మాత్రము విందును.

మహాశయులారా! ఒకే మనుష్యుడు, అవే చేతులు. మొదటిమారు తెలియక చంపినవి, రెండవమారు తెలిసి బ్రదికించినవి. నడుమనున్నది ధనము కాదు, యంత్రము కాదు, నాలుగుమాటల తెలివి. అందుచే మహారాజపోషకులకును కార్యవర్గమువారికిని నాదొక విన్నపము. మన వసతిగృహమునను, మన పిల్లలు చదువు పాఠశాలలందును, “తలభాగమున పట్టుము, తోమకుము, గుంటలో పెట్టుము, లేనిచో పాలలో వేయుము, వెంటనే వైద్యుని చేరుము” అని పెద్దయక్షరముల పటము వ్రేలాడదీయింపుడు. వసతిగృహపాలకునకును, వ్యాయామోపాధ్యాయులకును ఏటికొకమారు దంతవైద్యునిచే ఈ విధానమును చూపింపుడు. కబడ్డీ మున్నగు ఆటలాడువారికి పండ్లపై తొడుగుకొను మెత్తని తొడుగులు ఇప్పింపుడు; ఎత్తుపండ్లుగల పిల్లలను సకాలమున వైద్యునకు చూపింపుడు. పన్ను నిలిచినను వేరుచికిత్సకు రూకలులేక మధ్యలో విడుచు పేదబిడ్డకు విద్యానిధినుండి కొంత సహాయము ఏర్పరుపుడు. సన్మానములకు మనము వెచ్చించు పూలదండల ఖర్చులో సగముతో ఈ పనులన్నియు జరుగును. మొదటి పటమును నేనే వ్రాసి తెచ్చితిని, సభాద్వారముకడ నున్నది. పోవునపుడు చదివి పొండు.

ద్విజమునకు మూడవ జన్మము లేదంటిని. కాని ఊడిన పంటిని గంటలోపల స్వస్థానమున నిలిపినవాడు దానికి మూడవ జన్మము నిచ్చినవాడే యగును. ఆ పుణ్యము మన తల్లులకును, ఉపాధ్యాయులకును, తోడి బాలురకును అందుబాటులో నుండుగాక! మన బిడ్డలు చేయి అడ్డము పెట్టుకొనక నోరార నవ్వుదురుగాక! 

శుభం భూయాత్.